వేశావా అంటే వేశాను

మార్చి 3, సోమవారం

చట్టం అమల్లోకి వచ్చింది. నాకు తలనొప్పి వచ్చింది.

పొద్దున్నే నా టేబుల్ మీద దిండంత కాగితాల కట్ట. సేఫ్టీ ట్రైనర్ అనే సర్టిఫికెట్ ఈ సబ్బుల ఫ్యాక్టరీలో నాకొక్కదానికే ఉంది కాబట్టి చదవాల్సింది నేనే. మధ్యాహ్నం దాకా చదివాను. మిషను ముట్టుకునే ప్రతి మనిషికీ, కాంట్రాక్టు వాళ్లతో సహా, ముందు ట్రైనింగ్ ఇవ్వాలి. వాళ్లకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. మిషను దగ్గర నిలబెట్టి చూపించాలి. ఎవరైనా మిషను లోపలికి దిగితే దాని స్విచ్చికి తాళం పడాలి. ఎవరు దిగితే వాళ్ల తాళం, వాళ్ల జేబులోనే తాళంచెవి.

రాసినవాళ్లెవరో గాని మనిషి ప్రాణం విలువ తెలిసినవాళ్లే. మా మేనేజర్‌ని మాత్రం చూసి ఉండరు.

ఆయన్ని అందరూ పెద్దాయన అంటారు. వయసులో నాకంటే చిన్నవాడే. ట్రైనింగ్‌కి ఎన్ని రోజులు కావాలమ్మా అని అడిగాడు. వారం అన్నాను. ఒక పూట చాలదా అన్నాడు. కూరగాయల దగ్గర బేరమాడినట్టు ఆడి, చివరికి భోజనాల తర్వాత క్యాంటీన్లో ఒక గంట దగ్గర తేల్చాడు. తిన్నవాళ్లని తిన్నచోటే కూర్చోబెట్టి పాఠం చెప్పాలి. వాళ్లు నిద్రపోతే తప్పు వాళ్లదా, నాదా?

మార్చి 5, బుధవారం

ఎర్ర తాళాలు వచ్చాయి. మిషనుకి ఒకటి చొప్పున.

మనిషికి ఒకటి అని కదండీ చట్టం అన్నాను. అలా కొంటూ పోతే తాళాల కొట్టు పెట్టుకోవచ్చమ్మా, ఆపరేటర్ దగ్గర ఒకటుంటే చాలు, మిగతాది మీరు ట్రైనింగులో సర్దెయ్యండి అన్నాడు పెద్దాయన.

మిగతాది సర్దడం నా ఉద్యోగం. కూర్చుని ఆలోచించాను. సబ్బు కలిపే మిక్సరుది పెద్ద చిక్కు. తొట్టి నోరు ఒకవైపు, స్విచ్ బోర్డు స్తంభానికి అవతల. లోపల అంటిన సబ్బు గీకేవాళ్లకి ఆపరేటర్ కనపడడు, ఆపరేటర్‌కి వాళ్లు కనపడరు. తాళంచెవి ఆపరేటర్ జేబులో ఉంటే, లోపలున్న మనిషికి తాళం పడిందని ఎలా తెలియాలి? కేక వెయ్యాలి. అంతకన్నా దారి తోచలేదు. దిగేవాళ్లు తాళం వేశావా అని అరవాలి. ఆపరేటర్ తాళం వేశాను అని అరవాలి. ఆ జవాబు వినకుండా లోపల చెయ్యి పెట్టకూడదు.

నా తెలివికి నాకే ముచ్చటేసింది. ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పాను. స్కూలు బస్సు తోలి తోలి వచ్చి సోఫాలో కూలబడ్డాడు. బాగుంది అన్నాడు కళ్లు మూసుకునే.

మార్చి 6, గురువారం

క్యాంటీన్ ట్రైనింగ్ అయింది.

ముందు వరసలో మిక్సరు ఆపరేటర్. అతన్ని రేడియో అంటారు, నోరు కట్టెయ్యడం ఎవరి తరమూ కాదు. నేను తాళం వేశావా అని కేక నేర్పిస్తుంటే, ఊరెళ్లేటప్పుడు మా ఆవిడ ఇదే అడుగుతుంది మేడమ్, సందు చివరిదాకా వెళ్లాక మళ్లీ అడుగుతుంది, మళ్లీ వెనక్కొచ్చి చూసుకుంటాం అన్నాడు. అందరూ విరగబడి నవ్వారు. దాంతో కాసేపైనా నిద్ర వదిలింది.

వెనక వరసలో పిన్ని. తొట్లు గీకి కడిగే కాంట్రాక్టు మనిషి. పెద్దాయన కూడా పిన్నీ అనే పిలుస్తాడు. రాత్రి షిఫ్టు చేసి, ఇంటికి వెళ్లకుండా ట్రైనింగ్ కోసం ఆగిపోయింది. కళ్లు తెరుచుకునే నిద్రపోవడం ఆమె దగ్గరే నేర్చుకోవాలి. లేపి కేక వేయించాను. చక్కగా వేసింది. అమ్మాయ్, ఈ గంట డ్యూటీలో కలుస్తుందా అని అడిగింది. కనుక్కుంటానన్నాను. కనుక్కున్నాను. చట్టంలో అలా లేదమ్మా అన్నాడు పెద్దాయన. ఉంది. చూపించే ఓపిక లేకపోయింది.

మిషను దగ్గర చూపించడం కుదరలేదు. మిషను ఆపితే ఉత్పత్తి పోతుందట. చివర్లో అర్థమైందా అన్నాను. అర్థమైంది అన్నారు. సంతకాలు పెట్టారు.

మార్చి 12, బుధవారం

ఫ్లోర్ మీద తిరిగొచ్చాను. ఆశ్చర్యం, కేక వేస్తున్నారు! నేను చెప్పింది ఎవరైనా చేయడం ఈ ఉద్యోగంలో ఇదే మొదటిసారి.

తాళం అన్న మాట మాత్రం రాలిపోయింది. వేశావా అని లోపల్నుంచి. వేశా అని బయట్నుంచి. ఆ హోరులో రెండు మాటలు ఎవరు అరుస్తారు? పోనీలే. వాడుతున్నారు, అదే పదివేలు.

మార్చి 19, బుధవారం

ఏమీ జరగలేదు. సేఫ్టీ వాళ్లకి ఇంతకన్నా మంచి రోజు ఉండదు.

మార్చి 20, గురువారం, సాయంత్రం ఆరు

పిన్ని చెయ్యి మిక్సరులో పడింది.

నేను ఆఫీసులో ఉన్నాను. అరుపు వినపడలేదు. వినపడింది ఫ్లోర్ మీద మిషన్లన్నీ ఆగిపోవడం. ఎప్పుడూ చెవుల్లో ఉండే హోరు ఒక్కసారి పోయింది. పరిగెత్తాను. తొట్టి పక్కన నేల మీద పిన్ని కూర్చుని ఉంది. కుడిచెయ్యి ఎటు తిరగకూడదో అటు తిరిగి ఉంది. ఏడవడం లేదు. చీర కొంగు సర్దండమ్మా అని ఎవరితోనో అంటోంది.

రేడియో స్విచ్ బోర్డు దగ్గరే ఉన్నాడు. మిక్సరు రెక్క సగం తిరిగేలోపే అరుపు విని ఆపాడట. అలా ఆపకపోయి ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు, రాయను. స్విచ్ మీద నుంచి చెయ్యి తీయడం లేదు. ఇద్దరు పట్టుకుని లాగితే గాని రాలేదు.

అంబులెన్సులో పిన్ని పక్కన నేనే కూర్చున్నాను. నా పాఠం విన్న మనిషి. వినలేదేమో, నిద్రపోయిందేమో. అలా అనుకుంటే నాకు కొంచెం తేలిగ్గా అనిపించింది. వెంటనే నా మీద నాకే అసహ్యం వేసింది.

మార్చి 21, శుక్రవారం

ఆసుపత్రి. ఎముక రెండు చోట్ల విరిగింది, భుజం తప్పింది. చెయ్యి ఉంటుంది. మునుపటిలా పైకి లేవదు అన్నాడు డాక్టర్.

పిన్ని మాట్లాడింది. తొట్టి గీకడం అయిపోయిందనుకుని బయటికొచ్చిందట. అడుగున ఇంకాస్త మిగిలింది కనపడి మళ్లీ వంగిందట. వంగే ముందు నువ్వు చెప్పినట్టే అడిగాను అమ్మాయ్, వేశావా అని. వేస్తున్నా అన్నాడు. విని, అప్పుడే పెట్టాను చెయ్యి.

నిద్రపోలేదు. విన్నది. నేర్చుకున్నది. చేసింది.

మార్చి 22, శనివారం

రేడియోని సస్పెండ్ చేశారు. శుక్రవారం ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడు.

పెద్దాయన నన్ను కూర్చోబెట్టి టీ తెప్పించాడు. ఆయన టీ తెప్పించాడంటే ఏదో ఉందన్నమాట. దేవుడి దయవల్ల మనం ట్రైనింగ్ ఇచ్చాం అన్నాడు. అతనికి నేర్పాం, సంతకం పెట్టాడు, అయినా తాళం తీసి స్విచ్ వేశాడు. తప్పు మనిషిది, కంపెనీది కాదు. మీరు ఇన్‌స్పెక్టర్‌తో ఒక్కటే మాట చెప్పాలి, అతనికి ట్రైనింగ్ ఇచ్చాను అని. నిజమే కదమ్మా?

నిజమే.

కార్మికుడిని కాపాడమని చట్టం ట్రైనింగ్ పెట్టింది. ఇక్కడ ఆ ట్రైనింగే అతని మెడకి చుట్టుకుంటోంది. నేర్పకపోతే కంపెనీ తప్పు, నేర్పితే కార్మికుడి తప్పు. మధ్యలో నేర్పినదాన్ని నేను.

మార్చి 23, ఆదివారం

రేడియో మా ఇంటికొచ్చాడు. గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాడు. మా అత్తగారు కుర్చీ తెచ్చి వేసి, కూర్చో నాయనా, నువ్వు నిలబడితే నా కాళ్లు నొప్పులు పుడుతున్నాయి అన్నారు. అప్పుడు కూర్చున్నాడు.

అంత వాగుడు మనిషికి నాలుగు మాటలు చెప్పడానికి చాలాసేపు పట్టింది. స్తంభం పక్కనుంచి తొంగి చూస్తే పిన్ని తొట్టి బయట కనపడిందట, పని అయిపోయిందనుకున్నాడట. తాళం తీశాడు. సూపర్‌వైజర్ అవతల్నుంచి ఇంకా మొదలెట్టలేదా అని తిడుతున్నాడు. అప్పుడు పిన్ని గొంతు వినపడింది, వేశావా అని. వేస్తున్నా అన్నాడు. వేశాడు.

నా ఉద్యోగం పోతే పోనీ మేడమ్ అన్నాడు. మనిషిని మిషన్లో తోసినవాడని రాస్తే ఇంకే ఫ్యాక్టరీ గేటూ తెరవరు, అదీ పోనీ. పిన్ని నేను కావాలని చేశాననుకుంటుందా?

లేదన్నాను. పిన్నిని అడగకుండానే అన్నాను.

మార్చి 24, సోమవారం

ఇద్దరూ ఒకే మాట చెబుతున్నారు. ఆమె వేశావా అంది. అతను వేస్తున్నా అన్నాడు. ఒక్క అక్షరం తేడా లేదు. పెద్దాయన లెక్క ప్రకారం రేడియో అబద్ధమాడుతున్నాడు. నాకు అలా అనిపించడం లేదు. అలాగని ఇంకెలా అనిపించాలో తెలియడం లేదు.

మార్చి 25, మంగళవారం, ఉదయం ఏడున్నర

ఆఫీసుకి ఆలస్యమైనా సరే, ఇది ఇప్పుడే రాయాలి.

అత్తగారు స్నానానికి వెళ్లారు. నేను పెరటి తలుపు గడియ పెడుతున్నాను. ఆ తలుపు తెరిచి ఉంటే ఆవిడకి స్నానాల గదిలో చలిగాలి కొడుతుంది, రోజూ గొడవే. లోపల్నుంచి ఏమ్మాయ్, వేశావా అన్నారు. వేశానత్తయ్యా అన్నాను. మరుక్షణం కెవ్వుమని కేక. ఆవిడ అడిగింది వేడినీళ్ల హీటరు సంగతి. నేను చెప్పింది తలుపు సంగతి. చెంబుడు చన్నీళ్లు నెత్తిన గుమ్మరించుకున్నారు.

కోడలు నన్ను చంపడానికి చూస్తోందని వీధంతా వినపడేలా అరుస్తున్నారు. నేను వంటింటి గోడకి ఆనుకుని నిలబడిపోయాను.

తాళం వెయ్యడమూ వెయ్యడమే. స్విచ్ వెయ్యడమూ వెయ్యడమే.

పిన్ని తాళం అడిగింది. రేడియోకి స్విచ్ వినపడింది. బయటికొచ్చిన మనిషి ఇంకా మొదలెట్టలేదేమని అడుగుతోందనుకున్నాడు. వేస్తున్నా అన్నాడు. ఆమెకి తాళం వినపడింది. ఇద్దరూ నిజమే చెప్పారు. నా పాఠానికి ముందు ఆ ఫ్లోర్ మీద వెయ్యి అంటే ఒకటే అర్థం, మిషను తిప్పమని. దానికి ఎదురు అర్థాన్ని తెచ్చి అదే మాటకి తగిలించింది నేను. వాళ్లకి అర్థమయ్యే భాషలో.

మార్చి 26, బుధవారం

పెద్దాయనకి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. విని, బాగుంది, మరి ఆ మాట నేర్పింది ఎవరమ్మా అన్నాడు.

నేనే అన్నాను. మనిషికో తాళం ఉంటే ఆ కేకే అక్కర్లేదు, పిన్ని తాళంచెవి పిన్ని జేబులో ఉండేది అని కూడా అన్నాను. తాళాల సంగతి ఎవరూ అడగలేదు కదా అన్నాడు. టీ తెప్పించలేదు.

ఇంట్లో మా ఆయన, నువ్వేం చెప్పినా నాకు ఇష్టమే, కాని నీకు ఇంకో సేఫ్టీ ఉద్యోగం ఎవరిస్తారు అన్నాడు. రెండూ నిజమే. ఈమధ్య అందరూ నిజాలే చెబుతున్నారు. విసుగ్గా ఉంది.

మార్చి 27, గురువారం

భయంగా ఉంది. అంతే.

మార్చి 28, శుక్రవారం

ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. చొక్కా జేబు దగ్గర సిరా మరక ఉన్న మామూలు మనిషి. ఇంతకుముందు ఇంకో రెండు ఫ్యాక్టరీలు చూసొచ్చాడట, కుర్చీలో కూర్చోగానే బూట్లు వదులు చేసుకున్నాడు. నాలాగే అలిసిపోయి ఉన్నాడు. అందుకే కాస్త ధైర్యం వచ్చింది.

ఆపరేటర్‌కి ట్రైనింగ్ ఇచ్చారా అని అడిగాడు. ఇచ్చాను అన్నాను. పెద్దాయన ఊపిరి వదలడం వినపడింది. ఇచ్చిన ట్రైనింగ్ అతను పాటించాడా అన్నాడు. పాటించాడు, ఇద్దరూ పాటించారు, అందుకే చెయ్యి విరిగింది అన్నాను.

పెన్ను ఆపి తలెత్తాడు. ఇక ఆగలేదు నేను. తాళాలు మిషనుకి ఒకటే ఉండడం, ఆ లోటు కేకతో పూడ్చడం, క్యాంటీన్లో గంట, మిషను దగ్గర చూపించకపోవడం, అన్నీ చెప్పాను. ఆ మాట సంగతి చెబితే అర్థం కానట్టు చూశాడు. మిక్సరు దగ్గరికి తీసుకెళ్లాను. తొట్టి పక్కన ఆయన్ని నిలబెట్టి, నేను స్తంభం అవతలికి వెళ్లి, వేశారా అని అడగమన్నాను. అడిగాడు. వేశాను అన్నాను. ఇప్పుడు చెయ్యి పెడతారా అని అడిగాను.

తొంగి చూస్తే రెండు చేతులూ వీపు వెనక కట్టుకుని నిలబడి ఉన్నాడు.

ఏప్రిల్ 4, శుక్రవారం

ఆర్డరు వచ్చింది. ఆపరేటర్ తప్పు లేదు. కంపెనీకి జరిమానా. మనిషికో తాళం. ట్రైనింగ్ మిషను దగ్గరే, పూర్తి సమయం, డ్యూటీలో కలిపి. పిన్ని చికిత్స కంపెనీదే.

నాకు మెమో ఇచ్చారు. ఉద్యోగం మాత్రం తియ్యలేదు. ట్రైనింగ్ మళ్లీ మొదట్నుంచి ఇవ్వాలి, సర్టిఫికెట్ ఉన్నది నాకొక్కదానికే. కొత్తవాళ్లని వెతికేలోపు గడువు దాటిపోతుంది. చట్టం మొదటిసారి ఒక మనిషిని కాపాడింది, ఆ మనిషి నేనైనందుకు సిగ్గుగా ఉంది.

ఏప్రిల్ 9, బుధవారం

గొంతు పోయింది. పొద్దుటి నుంచి బ్యాచ్ తర్వాత బ్యాచ్, మిషను పక్కన నిలబడే. ఎవరి తాళం వాళ్లతో వేయించాను, ఎవరి తాళంచెవి వాళ్ల జేబులో పెట్టించాను. వెయ్యి అన్న మాట ఫ్లోర్ మీద నిషేధం. గోడకి బోర్డు కొట్టించాను. ఆన్, ఆఫ్, లాక్. ఇంకో మాట వినపడితే రిపోర్టు రాయాలి.

ఆ మాట లేకుండా బతకడం ఎంత కష్టమో ఇప్పుడు తెలుస్తోంది. చక్కెర వెయ్యి, కుర్చీ వెయ్యి, కేక వెయ్యి, వేలిముద్ర ఇక్కడ వెయ్యి. ఒకడు నోరు జారి, నాలిక కరుచుకుని, ఫ్యాన్ లాక్ చెయ్యి అన్నాడు. చాలా రోజుల తర్వాత నవ్వాను.

ఏప్రిల్ 14, సోమవారం

రేడియో డ్యూటీకొచ్చాడు. అందరూ చుట్టూ చేరారు. నవ్వాడు. తాళం తీశాడు, తొట్టిలో చూసొచ్చాడు, స్విచ్ దగ్గర నిలబడ్డాడు. చెయ్యి లేచింది. స్విచ్ దాకా వెళ్లలేదు.

మళ్లీ తొట్టి దగ్గరికి వెళ్లి చూసొచ్చాడు. మళ్లీ నిలబడ్డాడు. మళ్లీ వెళ్లాడు. చివరికి సూపర్‌వైజర్ వచ్చి స్విచ్ నొక్కాడు. రేడియో గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

ఏప్రిల్ 17, గురువారం

ఈరోజూ అంతే.

పెద్దాయన నెలాఖరు దాకా చూస్తానన్నాడు. ఆపరేటర్ ఫిట్ అని ట్రైనర్ సంతకం పెట్టాలని చట్టం కదమ్మా, మీరు పెడితే ఉంటాడు, లేకపోతే లేదు అన్నాడు. మర్యాదగానే అన్నాడు. తప్పు లేదని తేల్చిన మనిషిని ఇలా ఇంటికి పంపొచ్చని నాకు తట్టలేదు. ఆయనకి తట్టింది.

సంతకం పెట్టలేను. స్విచ్ నొక్కలేని మనిషి ఫిట్ అని ఎలా రాస్తాను? పెట్టకుండా ఎలా ఉంటాను? అతనిదేమీ తప్పు లేదని ఇన్‌స్పెక్టర్ ముందు గొంతు చించుకున్నాను. అతనికి మాత్రం ఆ మాట చేరలేదు.

ఏప్రిల్ 24, గురువారం

సాయంత్రం పిన్ని ఇంటికి వెళ్లాను. ఎడమచేత్తో బట్టలు మడతపెడుతోంది, మడతలు కుదరక తిట్టుకుంటోంది. రేడియో సంగతి చెప్పాను. ఆ వెధవకి అన్నం సయిస్తోందా అని అడిగింది. ఏమో అన్నాను. కావాలని చేశాడనుకుంటున్నావేమోనని భయపడుతున్నాడు అన్నాను. పిన్ని మడత ఆపి నన్ను చూసింది. మీరంతా చదువుకున్నవాళ్లేనా అంది. నేను కాఫీ తాగి వచ్చేశాను.

ఏప్రిల్ 29, మంగళవారం

పిన్ని ఫ్యాక్టరీకొచ్చింది. చెయ్యి ఇంకా మెడకు వేలాడుతోంది. ఎవరితో మాట్లాడకుండా స్తంభం అవతలికి నడిచి, రేడియో పక్కన, భుజానికి భుజం తగిలేలా నిలబడింది.

నేను బయటే ఉన్నానురా, వెయ్యి అంది.

వేశాడు.

రిపోర్టు రాయలేదు.